కిరీటం జారిన తర్వాత

రాజకుమారుడు కప్పగా మారాడని వినగానే చిన్నపిల్లలు పకపక నవ్వుతారు. పెద్దలు చిరునవ్వుతో ఊరుకుంటారు. ఆ నవ్వు వెనుక ఎంత పాత ఆలోచన దాగి ఉన్నదో మనం సాధారణంగా పట్టించుకోము. అధికారం తలకెక్కిన మనిషిని మృగంగానో, పాముగానో మార్చి బుద్ధి చెప్పాలన్న కోరిక లోకానికి ఈనాటిది కాదు. నిజజీవితంలో రాజును నిలదీయలేని సామాన్యుడు కథలోనైనా అతని కిరీటం ఊడబెరికి నాలుగు కాళ్ళ మీద నడిపించి తృప్తిపడ్డాడు.

గత విద్యా సంవత్సరంలో కొన్ని ఆదివారాల సాయంత్రాలు మా వసతి గృహం హాలులో విద్యార్థులమంతా కూర్చొని ఇటువంటి కథలతో తీసిన యానిమేషన్ చిత్రాలను వరుసగా చూశాము. చూసిన తర్వాత చాలా రాత్రులు వాటిని గురించి వాదించుకున్నాము. ఆ వాదనల సారాంశమే ఈ వ్యాసం. బొమ్మల సినిమాలను గురించి కళాశాల వార్షిక సంచికలో వ్రాయడమేమిటని కొందరు పెద్దలు ఆక్షేపించవచ్చు. ఈనాటి పిల్లలు రాజంటే ఎవరో, దర్పమంటే ఏమిటో, పశ్చాత్తాపమంటే ఏమిటో మొట్టమొదట నేర్చుకొనేది చాలావరకు ఈ చిత్రాల నుండే. ఆటగా నేర్చిన పాఠం పుస్తకంలో చదివిన పాఠం కంటె లోతుగా నాటుకుంటుంది. కనుక ఆ పాఠం సరియైనదో కాదో విచారించడం వృథా శ్రమ కాదని మా విన్నపం.

ముందుగా ఒక భేదాన్ని గుర్తించవలసి ఉన్నది. మహాభారతం అరణ్యపర్వంలోని నహుషుని కథ తెలుగు విద్యార్థులకు కొత్త కాదు. ఇంద్రపదవి లభించగానే నహుషునికి కన్నూ మిన్నూ కానలేదు. మహర్షుల చేత పల్లకి మోయించాడు. అగస్త్యుణ్ణి కాలితో తన్నాడు. శాపం తగిలి కొండచిలువయై అడవిలో పడ్డాడు. చాలాకాలం తర్వాత ఆ పాము భీముణ్ణి చుట్టుకున్నప్పుడు ధర్మరాజు వచ్చి, అది అడిగిన ప్రశ్నలకు సమాధానాలు చెప్పి విడిపించాడు. మనిషి యోగ్యత పుట్టుకలో కాక నడవడిలో ఉన్నదన్నది ఆ సమాధానాలలో ముఖ్యమైనది. ఇక ఉర్దూ శాఖ మిత్రులకు రజబ్ అలీ బేగ్ సురూర్ రచించిన ‘ఫసానా ఎ అజాయబ్’ గుర్తుకు రావచ్చు. అందులో జాన్ ఎ ఆలం అనే రాజకుమారుడు కోతి శరీరంలో చిక్కుకుంటాడు. కాని అది అతని పొగరుకు శిక్ష కాదు. నమ్మిన మంత్రికుమారుడు చేసిన ద్రోహం. ఒకటి శిక్ష, మరొకటి ఆపద. రెండింటిలోనూ మనిషి జంతువయ్యాడు గాని, రెండింటి నీతి ఒకటి కాదు.

ఈ భేదం మనకు ఎందుకు అవసరమో ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’ చూస్తే తెలుస్తుంది. డిస్నీ సంస్థ 1991లో విడుదల చేసిన ఈ చిత్రానికి గ్యారీ ట్రౌస్‌డేల్, కిర్క్ వైజ్ దర్శకులు. ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కార్ పోటీకి ఎంపికైన మొట్టమొదటి యానిమేషన్ చిత్రం ఇదే. దీనికి మూలమైన కథను ఫ్రాన్సులో 1740లో మదామ్ ద విల్‌నవ్ వ్రాసింది. ఆ పాత కథలోని రాకుమారుడు గర్విష్ఠి కాడు. తనను పెంచిన మాయావిని వివాహమాడడానికి నిరాకరించినందుకు ఆమె అతణ్ణి మృగంగా మార్చింది. అనగా అతనిది జాన్ ఎ ఆలం వలెనే ఆపద. చిత్రం తీసినవారు ఆ ఆపదను శిక్షగా మార్చారు. చలిరాత్రి ఒక ముదుసలి ఒక గులాబీ పువ్వు ఇచ్చి తలదాచుకొనే చోటు అడిగితే, ఆమె వికార రూపాన్ని చూచి రాకుమారుడు ఈసడించి పొమ్మన్నాడు. ఆమె నిజానికి మంత్రశక్తి గల స్త్రీ. అతడు మృగమయ్యాడు. ఇరవై ఒకటవ ఏడు వరకు వికసించి ఉండే ఆ గులాబీ చివరి రేకు రాలేలోగా ఒకరిని ప్రేమించి, వారి ప్రేమను పొందాలి. లేకుంటే ఎన్నటికీ మృగమే.

రెండవ చిత్రం ‘ది ఎంపరర్స్ న్యూ గ్రూవ్’. 2000లో విడుదలైంది, దర్శకుడు మార్క్ డిండల్. ఇంకా సామ్రాజ్యాన్ని తలపించే కల్పిత దేశంలో కథ నడుస్తుంది. యువ చక్రవర్తి కుజ్కో పేరు ఇంకాల రాజధాని నగరం పేరును గుర్తుకు తెస్తుంది. ఈ కుజ్కో నృత్యానికి అడ్డు వచ్చాడని ఒక వృద్ధుణ్ణి కిటికీలో నుండి బయటికి విసిరివేస్తారు. తన పుట్టినరోజుకు తానే కానుకగా ఇచ్చుకొనదలచిన వేసవి విడిది కోసం పాచా అనే గ్రామపెద్దను పిలిపించి, అతని ఊరున్న కొండ మీద ఎండ ఎక్కడ బాగుంటుందో అడిగి తెలుసుకొని, ఆ ఊరినే తొలగిస్తానంటాడు. తొలగించిన మంత్రిణి ఇజ్మా అతనికి విషం పెట్టబోతుంది. ఆమె సేవకుడు క్రాంక్ సీసాలు తారుమారు చేయడం వల్ల చక్రవర్తి చావక లామాగా మారతాడు. లామా అంటే ఆండీస్ పర్వతాలలో బరువులు మోసే జంతువు. ఇతరుల మీద బ్రతికినవానికి ఇంతకంటె తగిన రూపం దొరకదు.

మూడవది ‘ది ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్’. 2009లో రాన్ క్లెమెంట్స్, జాన్ మస్కర్ తీశారు. 1920వ దశకంలోని న్యూ ఆర్లియన్స్ నగరం కథాస్థలం. మాల్డోనియా అనే కల్పిత రాజ్య యువరాజు పేరు నవీన్. పేరు మన పేటలోని కుర్రవాని పేరులా వినిపించినా, ఇతడు చేతికి మట్టి అంటకుండా పెరిగినవాడు. ఇతని జులాయితనం చూచి తల్లిదండ్రులు డబ్బివ్వడం మానివేశారు. ధనవంతుని కూతురును పెండ్లాడితే కష్టం గట్టెక్కుతుందని నగరానికి వచ్చి, ఒక మాంత్రికుని మాయమాటలకు లొంగి కప్ప అయ్యాడు. టియానా అనే శ్రమజీవి ముద్దు పెడితే తిరిగి మనిషి కావలసినవాడు, ఆమె రాజకుమారి కానందున ఆమెను కూడా కప్పను చేశాడు. హోటలు పెట్టాలని రెండు ఉద్యోగాలు చేసి రూకరూక కూడబెట్టిన ఈ టియానాయే డిస్నీ యానిమేషన్ చిత్రాలలో తొలి నల్లజాతి రాజకుమారి.

ఈ ముగ్గురిలో ఎవరు నిజంగా మారారు? మా వాదనలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

జంతురూపమే మనిషిని మారుస్తుందని కొందరు మిత్రులు వాదించారు. అది నిజం కాదని మేము భావిస్తున్నాము. 2012లో వచ్చిన ‘బ్రేవ్’ చిత్రమే ఇందుకు సాక్ష్యం. అందులో మోర్‌డూ అనే ఎలుగుబంటి ఒకప్పుడు రాకుమారుడు. నలుగురు అన్నదమ్ములలో పెద్దవాడు. రాజ్యమంతా తనకే కావాలని, పదిమంది బలం కోరి మంత్రాన్ని ఆశ్రయించి ఎలుగుబంటి అయ్యాడు. ఏళ్ళు గడిచాయి, బుద్ధి రాలేదు సరికదా, ఉన్న మనిషితనం కూడా పోయింది. చివరికి చావులోనే అతనికి విడుదల. గోళ్ళు, బొచ్చు, నాలుగు కాళ్ళు ఎవరికీ వివేకాన్ని ఇవ్వవని దీనివల్ల స్పష్టమవుతున్నది. కష్టం మనిషిని మెత్తబరచవచ్చు, మరింత కరకుగానూ చేయవచ్చు.

మరి జంతురూపం చేసే పని ఏమిటి? అది రెండింటిని తీసివేస్తుంది. ఒకటి సేవకుల చేయి, రెండవది భయంతో తలలూపేవారి నోరు. నవీన్ సంగతే చూడండి. బురదనేలల నడుమ టియానాతో అతడు తన బ్రతుకు నిజం ఒప్పుకుంటాడు. బట్టలు తొడిగేది, అన్నం తినిపించేది, పళ్ళు తోమేది అన్నీ సేవకులే. డబ్బు ఆగిపోయిన నాడు తనకు ఏ పనీ రాదని తెలిసివచ్చింది. అటువంటివానికి ఆమె పుట్టగొడుగులు తరగడం నేర్పుతుంది. ఆ దృశ్యం చూచి మా హాలులో చాలామంది నవ్వారు. అదే ఆ చిత్రంలో మలుపు అని మా అభిప్రాయం. చక్రవర్తుల పట్టాభిషేకాల కంటె, ఒక యువరాజు మొదటిసారి తన చేత్తో కూర తరగడం గొప్ప సంఘటన.

కుజ్కోకు జరిగిన శాస్తి ఇంకొక విధమైనది. చిత్రం ఆరంభంలో వానలో తడుస్తున్న లామా కనిపిస్తుంది. తన బ్రతుకును ఇతరులు ఎలా నాశనం చేశారో వినండని కుజ్కో గొంతు మనకు కథ చెబుతూ వస్తుంది. తానొక్కడే బాధితుడు, తక్కినవారందరూ నేరస్థులు. కాని కథ నడిమిలో అతడు చాటుగా ఒక మాట వింటాడు. చక్రవర్తి కనిపించకుండా పోయినందుకు విచారిస్తున్నవారు ఒక్కరూ లేరట. ఆ తర్వాత మళ్ళీ ఆ వానా, ఆ ఒంటరితనమూ వస్తాయి. కథ చెబుతున్న గొంతు పాత ఫిర్యాదును తిరిగి ఎత్తుకోబోతే, తెర మీది లామాయే ఆ గొంతును ఇక చాలించమంటుంది. తన గోడును తానే ఆపుకున్న ఆ క్షణంలో కుజ్కో మొదటిసారి మనిషి అయ్యాడు. అప్పటికి అతని ఒంటి మీద లామా బొచ్చు ఇంకా ఉన్నది.

ఇక్కడ మేము చేరుకున్న నిర్ణయం ఇది. మార్పు నిజమా కాదా అన్నది మనిషిరూపం తిరిగి రావడంలో తెలియదు. ఆ రూపాన్ని వదులుకోవడానికి సిద్ధపడినప్పుడు తెలుస్తుంది. మృగం బెల్‌ను ఆమె తండ్రి కోసం విడిచిపెట్టింది. గులాబీ రేకులు రాలిపోతున్న సమయంలో ఆమెను పంపివేయడమంటే తన ఆశను తానే కడతేర్చుకోవడం. కుజ్కో తనను మనిషిని చేసే మందుసీసా ఒకవైపు, జారిపడుతున్న పాచా ఒకవైపు ఉన్నప్పుడు పాచాను పట్టుకున్నాడు. మునుపు ఒక వంతెన మీద ఇదే పాచా ప్రమాదంలో ఉంటే చేయి అందించని కుజ్కోయే ఇతడు. నవీన్, టియానా ఇద్దరూ ఇక కప్పలుగానే ఉండిపోదామని నిశ్చయించుకొని పెండ్లి చేసుకున్నారు. ఆ పెండ్లితో ఆమె రాజకుమారి కావడం వల్ల మంత్రం విడిపోయింది గాని, వారు దానిని ఆశించి చేయలేదు. ముగ్గురూ బేరం మానుకున్న తర్వాతనే ముగ్గురికీ విముక్తి లభించింది. మోర్‌డూ మానుకోలేదు. భేదమంతా అక్కడే ఉన్నది.

ఈ ముగ్గురిలో మేము కుజ్కోకే ఎక్కువ మార్కులు వేస్తాము. తక్కిన ఇద్దరి మార్పుకు మూలం ప్రేమ. ప్రేమించిన స్త్రీ కోసం త్యాగం చేయడం గొప్పదే గాని, అందులో తన సుఖం కూడా కొంత కలిసి ఉంటుంది. కుజ్కోకు పాచా బంధువు కాడు, ప్రియురాలు కాడు. తాను ఇల్లు కూల్చబోయిన ఒక పల్లెవాడు. చలిరాత్రి వణుకుతున్న లామాకు తన పైబట్ట కప్పినవాడు. అతని కొండను అతనికి వదలి, పక్క కొండ మీద చిన్న కుటీరంతో చక్రవర్తి సరిపెట్టుకున్నాడు. క్షమాపణ మాటలతో ముగియక ఒక ఆజ్ఞ రద్దు కావడంతో పూర్తయింది. అధికారంలో ఉన్నవారి పశ్చాత్తాపానికి ఇదొక్కటే గీటురాయి అని మా నమ్మకం.

అయితే ఈ చిత్రాలలో మాకు నచ్చని అంశం కూడా ఒకటి ఉన్నది. రాకుమారుడు చేసిన తప్పుకు శిక్ష అనుభవించినవారు ఎందరు? మృగం కోటలోని సేవకులందరూ వస్తువులుగా మారిపోయారు. ఒకడు కొవ్వొత్తుల సెమ్మె, ఒకడు గడియారం, వంటశాల ఇల్లాలు టీ కూజా, ఆమె పసివాడు టీ కప్పు. ఆ ముదుసలిని తరిమినది వీరా? ప్రభువుకు కనీసం గర్జించే నోరూ, తిరిగే కాళ్ళూ ఉన్నాయి. వీరికి మిగిలినది ఉపయోగం ఒక్కటే. మనుషులుగా ఉన్నప్పుడు ఏ పని చేశారో, వస్తువులైన తర్వాత కూడా అదే పని. కథ చివర అందరూ మనుషులై నృత్యం చేస్తారు గాని, మీ ఏళ్ళను నేను పాడుచేశానని ప్రభువు ఒక్క మాట అన్నట్లు కనిపించదు. 2017లో నటీనటులతో మళ్ళీ తీసినప్పుడు దర్శకుడు బిల్ కాండన్ ఈ ప్రశ్నకు ఒక జవాబు చేర్చాడు. తల్లి పోయిన పసివాణ్ణి తండ్రి తన వలె కఠినునిగా మలచుతుంటే తాము చూస్తూ ఊరుకున్నామని వంటశాల ఇల్లాలు ఒప్పుకుంటుంది. మౌనం కూడా నేరమే అన్న ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని యజమాని ముందు నోరెత్తితే పని పోయే మనిషికీ, నోరెత్తగల అధికారం ఉండి ఊరుకున్న పెద్దలకూ ఒకే శిక్ష వేయడం న్యాయం కాదు.

నవీన్ సేవకుడు లారెన్స్ మాట చూడండి. యువరాజు వీధిలో పాటగాండ్రతో కలిసి కులుకుతుంటే పెట్టెలన్నీ మోసినవాడు ఇతడే. పుట్టింది మొదలు ఎవరో ఒకరి అదలింపుల కింద నలిగినవాడు గనుకనే మాంత్రికుడు చూపిన ఆశకు లొంగి యజమాని రూపం తొడుక్కున్నాడు. అతడు చేసింది తప్పే, కాదనము. అయితే తప్పు చేసిన యువరాజుకు బుద్ధి తెచ్చుకోవడానికి ఒక పూర్తి చిత్రం దొరికింది. తప్పు చేసిన సేవకునికి దొరికింది పోలీసులు మాత్రమే.

చెడిన రాజకుమారుణ్ణి ఎవరు చెడగొట్టారు? కుజ్కోను దాదాపు తానే పెంచానని ఇజ్మా చెప్పుకుంటుంది. అలాగయితే ఇంకా మంచివాడు కావలసిందే అని క్రాంక్ అమాయకంగా ఆశ్చర్యపోతాడు. నవ్వు తెప్పించే ఈ మాటలో పెద్దలందరికీ ఒక హెచ్చరిక ఉన్నది. వద్దు అనేవారు లేక, తన పని తాను చేసుకొనే అవసరం లేక పెరిగిన ప్రతి బిడ్డా తన ఇంటి మేరకు కుజ్కోయే.

ఇప్పుడు మా సంగతి చెప్పుకోవాలి. మూడవ చిత్రం ముగిసిన రాత్రి హాలు నిండా వేరుసెనగ తొక్కలు, టీ గ్లాసులు, నలిగిన కాగితాలు. రాజకుమారుల దర్పాన్ని గురించి మేము ఎనిమిదిమందిమి ఒక మూల నిలబడి ఘాటుగా చర్చిస్తున్నాము. వయసు మళ్ళిన అటెండరు ఒకరు చీపురుతో మా కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగారు. మేము పక్కకు జరిగాము, చర్చ ఆపలేదు. మాలో ఒకడు మాట మధ్యలోనే చేయి చాపి, తన గ్లాసును ఆయన చేతిలో పెట్టాడు. ఆయన వెళ్ళిపోయిన తర్వాత ఒక మిత్రుడు నెమ్మదిగా అడిగాడు: “ఆయన పేరేమిటి?” మూడేండ్లుగా ఉదయం సాయంత్రం ఆయనను చూస్తున్న ఎనిమిదిమందిలో ఒక్కరికీ తెలియదు. “ఇదిగో” అనో, “ఓయ్” అనో పిలవడమే మాకు అలవాటు. ఆ రాత్రి చర్చ అంతటితో ముగిసింది.

మాలో చాలామందిమి పేద కుటుంబాల నుండి వచ్చినవారమే. కొందరి తండ్రులు ఇతరుల ఇళ్ళలో, దుకాణాలలో ఇటువంటి పనులే చేస్తున్నారు. వారినెవరైనా “ఓయ్” అంటే మా రక్తం ఉడుకుతుంది. అయినా నాలుగు పుస్తకాలు చేతికి రాగానే మా తలల మీద కంటికి కనిపించని కిరీటం ఒకటి వచ్చి కూర్చున్నది. దర్పానికి సింహాసనం అవసరం లేదని, మనకంటె ఒక్క మెట్టు కింద ఒక మనిషి ఉంటే చాలునని ఆ రాత్రి మాకు తెలిసింది.

కనుక మా విన్నపాలు రెండు. మొదటిది తోటి విద్యార్థులకు. భోజనశాలలో ఎవరి పళ్ళెం వారు కడుగుకుందాము. హాలు వాడుకున్న రోజున మనమే ఊడ్చి తాళం వేద్దాము. ఇందుకు ఎవరి అనుమతీ అక్కరలేదు. రెండవది పాలక సంఘం పెద్దలకు. ఏటేటా ఈ సంచిక మొదటి పుటలలో సంఘ సభ్యుల పేర్లు, అధ్యాపకుల పేర్లు, ఛాయాచిత్రాలు ప్రకటిస్తున్నారు, అది ఉచితమే. వచ్చే సంచికలో వంటవారి పేర్లు, అటెండర్ల పేర్లు, కాపలాదారు పేరు, వారు ఎన్నేండ్లుగా ఇక్కడ పనిచేస్తున్నారో ఆ వివరంతో సహా అదే సైజు అక్షరాలలో, ఉర్దూ భాగంలోనూ తెలుగు భాగంలోనూ ముద్రించవలసిందిగా ప్రార్థిస్తున్నాము. దీనికి అదనంగా అయ్యే ఖర్చు ఒక్క పుట.

ఆ అటెండరుగారి పేరు మరునాడు ఉదయం వెళ్ళి అడిగి తెలుసుకున్నాము. ఆయన మొదట ఏదో ఫిర్యాదు వచ్చిందేమోనని భయపడ్డారు. ఊరికే తెలుసుకుందామని వచ్చామంటే చాలాసేపటి వరకు నమ్మలేదు. ఆ పేరును ఇక్కడ వ్రాయడం లేదు. అది మా వ్యాసంలో కాక, ఆ మొదటి పుటలో కనిపించాలని మా కోరిక.